పట్నానికి తీగ, పల్లెకు రీఛార్జి

(మండల స్థాయి శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం ఇది. వక్త టెలిఫోన్ శాఖలో లైన్‌మన్‌గా పనిచేసి, విరమణ తర్వాత సొంతూళ్లో పత్తి, మిర్చి సాగు చేస్తున్న మన సంఘ సభ్యుడు. మాట్లాడిన తీరులోనే, పునరుక్తులు మాత్రం తగ్గించి ప్రచురిస్తున్నాం. – సంపాదకవర్గం)



నాకిచ్చిన అంశం వినడానికి చిన్నది. "ఇంట్లో ల్యాండ్‌లైన్ సరిగ్గా పనిచెయ్యడం లేదు, తీసేసి సెల్‌ఫోనుతోనే ఇంటర్నెట్ నడుపుకుంటే సరిపోతుందా?" అని గ్రామ కమిటీల్లో అడిగారట. పిల్లల చదువుల కోసమో, ప్రతి కాగితానికీ మీసేవకు తిరగలేకో ఒకప్పుడు బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకున్న కుటుంబాలు ప్రతి పెద్ద ఊళ్లోనూ కొన్ని ఉన్నాయి. వాళ్లకు ఇది నిజమైన ప్రశ్నే. అసలు తీగే ఎరుగని కుటుంబాలకు ఈ ప్రశ్న రాకుండానే జవాబు పడిపోయింది, సెల్లే దిక్కు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. మీ ఇంటి వరకు అయితే సెల్లుతో సరిపెట్టుకోవచ్చు, ఎట్లాగో చెప్తాను. ఊరి వరకు అయితే సరిపోదు. ఎందుకంటే ల్యాండ్‌లైన్ ఇంటిది, సెల్‌ఫోను మనిషిది. ఇంటింటికీ తీగ వెయ్యడం ఒకప్పుడు ప్రభుత్వం పని. మనిషి మనిషికీ రీఛార్జి వేసుకోవడం ఇప్పుడు మన పని అయింది. అయ్యాక, భూమి కాగితం దగ్గర నుంచి పత్తి అమ్మకం దాకా అన్నిటినీ తీసుకుపోయి ఆ సెల్లులో పెట్టారు. సంఘం మాట్లాడవలసింది దీని గురించి.

తీగ ఎట్లా వచ్చింది, ఎట్లా పోయింది

కుర్రవాళ్లు ఉన్నారు కాబట్టి కొంచెం వెనక్కి వెళ్తాను. మన పల్లెలకు ఫోను ఊరికే రాలేదు. విదేశాల నుంచి తెచ్చిన ఎక్స్ఛేంజీలకు ఏసీ గదులు కావాలి, దుమ్ము పడకూడదు. అవి పల్లెలో బతకవు. 1984లో కేంద్ర ప్రభుత్వం సీ-డాట్ అనే సంస్థ పెట్టింది. మన ఇంజనీర్లే ఏసీ అక్కర్లేని చిన్న ఎక్స్ఛేంజి తయారుచేశారు. 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదటిది పెట్టారు. ఆ తర్వాత దేశమంతా పల్లెల్లో, ఒక చిన్న గదిలో, నూట పాతిక లైన్ల ఎక్స్ఛేంజీలు వెలిశాయి. వాటి ముందు బల్ల వేసుకుని నడిచినవే మన ఎస్టీడీ బూతులు.

నేను పనిచేసిన పని ఏమిటంటే, ఆ గది నుంచి మీ ఇంటి దాకా రాగి తీగ బాగుందా లేదా చూడటం. ఎక్స్ఛేంజి నుంచి భూమిలో కేబులు, అక్కడి నుంచి పిల్లర్ బాక్సు, ఆ తర్వాత స్తంభం మీద డీపీ, చివరకు మీ ఇంటి గోడ మీదికి రెండు తీగలు. కరెంటు మీ ఇంట్లో ఉన్నా లేకున్నా ఫోను మోగేది. ఎందుకంటే దాన్ని నడిపే కరెంటు ఆ తీగలోనే ఎక్స్ఛేంజి బ్యాటరీల నుంచి వచ్చేది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

అదే రాగి తీగ మీద 2005 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ డేటావన్ పేరుతో బ్రాడ్‌బ్యాండ్ మొదలుపెట్టింది. దానికి ఒక పరిమితి ఉంది. ఎక్స్ఛేంజి నుంచి మూడు నాలుగు కిలోమీటర్లు దాటితే వేగం పల్చబడిపోతుంది. కాలువ చివరి ఆయకట్టుకు నీళ్లు అందనట్టే ఇదీ. మండల కేంద్రంలో ఉన్నవాళ్లకు అందింది, శివారు ఊళ్లకు అందలేదు. అప్పుడే గాజు తీగ, అంటే ఫైబరు, పల్లెల దాకా లాగి ఉంటే ఇవాళ ఈ ప్రసంగం అవసరమే లేదు.

లాగలేదు. దేశంలో 2006 ప్రాంతంలో ల్యాండ్‌లైన్లు ఐదు కోట్ల దాకా ఉండేవి. 2020 నాటికి దాదాపు రెండు కోట్లకు పడిపోయాయి. సెల్లు వచ్చింది కాబట్టి తీగ పోయిందని పైకి చెప్పే మాట. అందులో సగం నిజం. రెండో సగం లోపలున్న మాకు తెలుసు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు జేసీబీ కేబులు తెంపితే, అతుకు వెయ్యడానికి కేబులు రాలేదు, మనుషులు రాలేదు. ప్రైవేటు కంపెనీలు 2016 నాటికే 4జీ పోటీలో పరుగెడుతుంటే, ప్రభుత్వ సంస్థ దేశవ్యాప్తంగా 4జీ మొదలుపెట్టింది 2025 సెప్టెంబరులో. మధ్యలో 2020 జనవరి 31న ఒకే రోజు 78 వేల మందికి పైగా ఉద్యోగులు స్వచ్ఛంద విరమణ కింద బయటికి నడిచారు. కాళ్లు కట్టేసి పందెంలో ఓడిపోయావనడం అంటే ఇదే.

ఇక్కడ మీరు గమనించవలసింది ఇంకొకటి ఉంది. 2020 తర్వాత ల్యాండ్‌లైన్లు మళ్లీ పెరిగాయి. 2025 నాటికి మూడున్నర కోట్లు దాటాయి. ఎక్కడ పెరిగాయి? పట్టణాల్లో. ఈ లెక్కలు ట్రాయ్ నెలనెలా ఇస్తుంది. వంద ల్యాండ్‌లైన్లు ఉంటే తొంభై దాకా పట్టణాలవే. హైదరాబాదులో అపార్టుమెంట్లలో ఉన్న మన పిల్లలను అడగండి. ఇంటికి ఒక ఫైబరు తీగ, నెలకు ఒక బిల్లు, ఇంట్లో ఎంతమంది ఉన్నా అందరూ దాని మీదే. సెల్లుతోనే అన్నీ అయిపోతే వాళ్లెందుకు తీగ పెట్టించుకున్నారు? పట్నం తీగ వదల్లేదు, రాగి నుంచి గాజుకు మారింది. తీగ కాలం పోయిందనే మాట మనకే చెప్పారు.

ఇరవై ఎనిమిది రోజుల నెల

ఇప్పుడు ఖర్చు చూద్దాం. 2016 సెప్టెంబరులో జియో వచ్చినప్పుడు 2017 మార్చి దాకా ఉచితంగా ఇచ్చింది. డేటా చవకైంది, ఆ మాట ఒప్పుకోవాలి. పొలంలో నిలబడి పురుగు ఫొటో తీసి పంపి సలహా అడిగే వీలు దానివల్లే వచ్చింది. కానీ పోటీదార్లు ఒక్కొక్కరే దుకాణం కట్టేశాక ధర మెల్లగా లేచింది. రోజుకు ఒకటిన్నర జీబీ వచ్చే ప్లాను జియోలో 199 రూపాయలు ఉండేది. 2021 డిసెంబరులో 239 అయింది. 2024 జులైలో 299 అయింది. మూడేళ్లు తిరక్కుండా వందకు యాభై పెంచారు. అదే జులైలో మిగతా ప్రైవేటు కంపెనీలూ పెంచాయి.

పైగా ఆ ప్లాను నెలకు కాదు, 28 రోజులకు. ఏ పంచాంగంలోనైనా ప్రతి నెలా 28 రోజులు ఉంటాయా? పన్నెండు నెలల సంవత్సరానికి పదమూడు రీఛార్జీలు. 299ని పదమూడుతో గుణిస్తే 3,887 రూపాయలు. ఇంట్లో రెండు ఫోన్లుంటే 7,774. పీఎం కిసాన్ కింద ఏడాదికి వచ్చేది 6,000. ఆ 6,000 కోసం ఈకేవైసీ చెయ్యాలి, దానికి ఫోను బతికుండాలి, ఫోను బతికుండటానికి 7,774 కట్టాలి. ఇంతకంటే తక్కువ ప్లాన్లు లేవా అంటే ఉన్నాయి. వాటి సంగతి తర్వాత చెప్తాను.

దీనికి ఇంకో పక్క లెక్క పెట్టి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరులో ఫైబర్‌నెట్ ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, టీవీ, ఫోను మూడూ ఇస్తామన్నారు. తీగ కరెంటు స్తంభాల మీదుగా లాగారు. దాని నడక మీద వంద విమర్శలు ఉన్నాయి, నేను వాటిలోకి పోను. నేను చెప్పేదల్లా, ఇంటికి లెక్కగడితే అది ఏడాదికి 1,788 రూపాయలు. ఇంట్లో ఇద్దరున్నా ఆరుగురున్నా అంతే. ఇంటి కనెక్షనుకూ తలసరి రీఛార్జికీ తేడా అక్కడ ఉంది.

ఇంకో సంగతి మనలో చాలామందికి తెలియదు. పల్లెల్లో ల్యాండ్‌లైన్ ధర ఇప్పటికీ ట్రాయ్ నియంత్రణ కింద ఉంది, గీసిన గీత దాటకూడదు. మొబైల్ ధర కంపెనీ ఇష్టం. పెట్టుకున్నాక ట్రాయ్‌కి తెలియజేస్తే చాలు. అంటే ల్యాండ్‌లైన్ నుంచి సెల్లుకు మారడమంటే వస్తువు మార్చుకోవడం మాత్రమే కాదు. నియంత్రణ ఉన్న చోటు నుంచి లేని చోటుకు వెళ్లడం. రేషన్ దుకాణం మూసి కిరాణా కొట్టుకు పంపినట్టు.

ఫోను ఎవరి చేతిలో ఉంది

మొన్నటి పత్తి సీజను గుర్తుచేసుకోండి. 2025 సెప్టెంబరు నుంచి సీసీఐకి పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ అనే యాప్‌లో పేరు నమోదు చెయ్యాలి, దానిలోనే స్లాట్ బుక్ చెయ్యాలి అన్నారు. ఆ ఏడు పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఊరికి వచ్చే దళారి కాటా దగ్గర ఎంత పలికిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. అంటే ఆ యాప్ తెరుచుకోవడానికీ తెరుచుకోకపోవడానికీ మధ్య రైతు కష్టం మొత్తం ఉంది.

యాప్ వద్దని నేను అనను. మిల్లు ముందు మూడు రోజులు బండి పెట్టుకుని పడిగాపులు పడటం కంటే స్లాట్ మేలే. అయితే జరిగిందేమిటి? యాప్ పెట్టుకోవాలంటే స్మార్టు ఫోను ఉండాలి. ఓటీపీ రావాలంటే నంబరుకు రీఛార్జి ఉండాలి. ఓటీపీ వచ్చినా, స్లాట్లు తెరిచిన సమయానికి సిగ్నలు ఉండాలి. తెరిచిన కాసేపటికే నిండిపోయాయని ఎంతమంది చెప్పలేదు! గుట్ట పక్క ఊళ్లో ఒక్క గీత సిగ్నలు మీద ఆ చక్రం తిరుగుతూ ఉంటే, టవరు కిందున్న ఊరివాడు బుక్ చేసుకుని బండి కట్టాడు. సీసీఐ తేమ పన్నెండు శాతం దాటితే కొనదు. స్లాట్ దొరక్క వాకిట్లో పోసిన పత్తి మీద వాన పడితే ఆ తేమకు జవాబుదారీ ఎవరు?

కౌలు రైతు సంగతి ఇంకా అన్యాయం. చాలాచోట్ల పంట భూయజమాని పేరు మీదే నమోదవుతుంది. అప్పుడు ఓటీపీ ఆయన ఫోనుకు పోతుంది. ఆయన హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటాడు. "అన్నా, ఇప్పుడు నంబరొచ్చింది, కొంచెం చెప్పన్నా" అని బతిమాలుకోవాలి. పంట పండించిన మనిషి తన పంట అమ్ముకోవడానికి ఇంకొకరి ఫోను మోగే దాకా ఎదురుచూడటం, ఇది కొత్త రకం వెట్టి.

ఆడవాళ్ల మాటకొస్తే, ఇక్కడ కూర్చున్న అక్కలను ఒక్కటే అడుగుతాను. మీ పేరున పట్టా ఉంది సరే. మీ ఆధార్‌కు ఉన్న నంబరు ఎవరిది? కొడుకుది, అల్లుడిది, లేకపోతే పోయిన భర్తది. ల్యాండ్‌లైన్ మోగితే ఇంట్లో ఎవరు దగ్గరుంటే వాళ్లు ఎత్తేవాళ్లు. సెల్లు మోగితే దాని యజమానే ఎత్తాలి. భర్త చనిపోయాక ఆ నంబరుకు ఎవరూ రీఛార్జి వెయ్యరు. కొన్నాళ్లకు అది రద్దవుతుంది, కంపెనీ ఇంకొకరికి అమ్ముతుంది. అప్పుడు బ్యాంకు నుంచి ఈ తల్లికి రావలసిన సందేశం ఏ ఊళ్లోనో తెలియని మనిషికి పోతుంది. పింఛను ఆగింది, కిస్తీ ఆగింది అంటూ మన సంఘం ఆఫీసుకు వచ్చే వాటిలో ఇట్లాంటివి ఎన్నో. మనం వ్యవసాయ శాఖ మీద పోట్లాడతాం, తీరా చూస్తే చచ్చిపోయిన సిమ్ము.

ఇంకొకటి, ఇందాక గుర్తుపెట్టుకోమన్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడ్డప్పుడు కరెంటు పోయింది, టవర్లకు డీజిలు అందలేదు, రోజుల తరబడి సెల్‌ఫోన్లు మూగబోయాయి. 2018లో తిత్లీ తుపానుకు ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు కూలిపోయిన రైతులు బయటి లోకానికి ఒక మాట చెప్పుకోలేకపోయారు. టవరు కరెంటు మీద బతికేది. కరెంటు పోయి, బ్యాటరీ అయిపోయి, డీజిలు రాకపోతే అది ఇనుప స్తంభం. పంట నష్టం జరిగిన మూడు రోజుల్లోపు బీమాకు తెలియజెయ్యాలని నిబంధనలు రాసేవాళ్లు ఈ సంగతి ఆలోచించరు.

ఇంటి వరకు ఏం చెయ్యాలి

సరే, ఇది ఇట్లా ఉండగా మనం బతకాలి కదా. ల్యాండ్‌లైన్ తీసెయ్యాలనుకున్నవాళ్లకు నేను చెప్పేది ఇది.

తీసేసే ముందు కొత్త సిమ్ము కొనకండి. మీ ఊళ్లో ఏ కంపెనీ సిగ్నలు బాగుందో దుకాణంవాడు చెప్పేది వేరు, మీ ఇంటి గోడల మధ్య ఉండేది వేరు. పక్కింటివాళ్ల ఫోను ఒక పూట తెచ్చుకుని ఇంట్లో ఎక్కడ పెడితే గీతలు నిలుస్తాయో చూడండి. పొద్దున బాగుండి, సాయంత్రం ఏడు గంటలకు అందరూ ఇళ్లకు చేరాక మెల్లబడే టవర్లు చాలా ఉన్నాయి. అందుకని రాత్రి పూటే పరీక్షించండి. కప్పు రేకులదైతే లోపల సిగ్నలు తగ్గుతుంది. కిటికీ దగ్గర పెట్టి చూడాలి.

పాత స్మార్టు ఫోను ఒకటి మూలన పడి ఉంటే దాన్ని పారెయ్యకండి. మంచి సిగ్నలున్న కిటికీలో పెట్టి, ఛార్జింగులో ఉంచి, హాట్‌స్పాట్ ఆన్ చేస్తే ఇంట్లో మిగతా ఫోన్లు, పిల్లల కంప్యూటరు దాని మీద నడుస్తాయి. అప్పుడు పెద్ద ప్లాను ఒక్క సిమ్ముకే వేస్తే చాలు. ఇంట్లో ప్రతి ఫోనుకూ డేటా వెయ్యనక్కర్లేదు. కానీ రోజుకు ఒకటిన్నర జీబీ అంటే ఎంతో తెలుసుకోండి. భూమి రికార్డు చూసుకోవడానికి, వాతావరణం చూడటానికి, కాగితాలు పంపడానికి అది ఎక్కువే. ఇద్దరు పిల్లలు వీడియో పాఠాలు వింటే మధ్యాహ్నానికే అయిపోతుంది. అయిపోయాక నెట్ పూర్తిగా ఆగదు, నత్తనడక నడుస్తుంది. వాట్సాప్‌లో మాట పోతుంది గానీ ప్రభుత్వ వెబ్‌సైటు తెరుచుకోదు. అందుకని స్లాట్ బుక్ చెయ్యవలసిన రోజు పొద్దున్నే పిల్లల ఫోన్లు హాట్‌స్పాట్ నుంచి తీసెయ్యండి. నవ్వకండి, నిజంగానే చెప్తున్నాను.

ఇంట్లో ముసలివాళ్లకు కీప్యాడ్ ఫోను ఉంటే, దానికి డేటా ప్లాను ఎందుకు? మాటలకు, మెసేజీలకు మాత్రమే సరిపోయే ప్లాను విడిగా పెట్టాలని ట్రాయ్ 2024 డిసెంబరులో కంపెనీలను ఆదేశించింది. ఏడాది గడువు దాకా ప్లాన్లు ఇవ్వొచ్చని కూడా చెప్పింది. ఆ ప్లాన్లు ఉన్నాయి. దుకాణంవాడు తనంతట తాను చెప్పడు, మీరే అడగాలి. ఓటీపీకి డేటా అక్కర్లేదు, మెసేజి వస్తే చాలు. కాబట్టి పట్టా ఉన్న పెద్దమనిషి నంబరు ఇట్లాంటి ప్లానుతో బతికించుకోవచ్చు. బతికించుకోవాలి కూడా. వాడకుండా తొంభై రోజులు వదిలేసిన నంబరును కంపెనీ రద్దు చెయ్యవచ్చు.

ఎవరి పేరున భూమి ఉందో వాళ్ల ఆధార్‌కు వాళ్ల చేతిలో ఉన్న నంబరే ఉండాలి. మార్చుకోవాలంటే ఆధార్ కేంద్రంలో వేలిముద్ర వేస్తే చేస్తారు. 2025 అక్టోబరు నుంచి దీనికి రుసుము 75 రూపాయలు. ఇంకా ఎక్కువ అడిగితే రసీదు అడగండి. పోస్టాఫీసు బ్యాంకు తరఫున పోస్ట్‌మన్ కూడా ఈ పని ఇంటి దగ్గరే చేస్తాడు, చాలామందికి తెలియదు. పీఎం కిసాన్ ఈకేవైసీకి ఓటీపీ ఒక్కటే దారి కాదు. సేవా కేంద్రంలో వేలిముద్రతో చెయ్యొచ్చు, వేళ్లు అరిగిపోయినవాళ్లకు ముఖం చూపించి చేసే పద్ధతీ ఉంది. వేళ్లు అరిగేది ఎవరికి? నాగలి పట్టినవాళ్లకు, కలుపు తీసినవాళ్లకే.

ల్యాండ్‌లైన్ వదులుకునేటప్పుడు నోటి మాటతో వదలకండి. రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. అప్పట్లో కట్టిన డిపాజిట్ బాకీలు పోను తిరిగి రావాలి. బ్యాంకు పాస్‌బుక్కుకో, గ్యాసుకో, సొసైటీలోనో ఆ పాత నంబరు ఇచ్చి ఉంటే ముందు అక్కడ మార్పించి, తర్వాతే తీసెయ్యండి.

మోసాల సంగతి క్లుప్తంగా చెప్తాను, దీని మీద విడిగా తరగతి ఉంది. పీఎం కిసాన్ పేరుతోనో, బ్యాంకు పేరుతోనో వాట్సాప్‌లో ఒక ఫైలు వస్తుంది, ఏపీకే అని చివర ఉంటుంది. ముట్టుకోకండి. ముట్టుకుంటే మీ ఫోనులోకి వచ్చే ఓటీపీలు దొంగకు కనపడతాయి. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం 1930కి ఫోన్ చెయ్యండి. సిగ్గుపడి రెండు రోజులు దాచుకుంటే ఆ డబ్బు పది ఖాతాలు దాటిపోతుంది. పాత నల్ల ఫోనులో ఎవడూ మన ఖాతా ఖాళీ చెయ్యలేకపోయేవాడు.

ఊరి వరకు ఏం అడగాలి

డబ్బు లేక ఫైబరు రాలేదా అంటే, కాదు. టెలికం కంపెనీల ఆదాయంలో నూటికి ఐదు వంతులు పల్లెల కోసం పక్కన పెట్టాలని ఒక నిధి ఉంది. 2002 నుంచి వసూలవుతోంది. సార్వత్రిక సేవా నిధి అనేవాళ్లు, 2023 టెలికం చట్టంలో డిజిటల్ భారత్ నిధి అని పేరు మార్చారు. ఆ నిధి పల్లెది, మన రీఛార్జిలో నుంచే పోతోంది. దానితోనే భారత్‌నెట్ పథకం. 2011లో ఆమోదం పొందింది. రెండు లక్షలకు పైగా పంచాయతీలకు తీగ చేర్చామని లెక్క చూపిస్తారు. మీ పంచాయతీ ఆఫీసుకు వెళ్లి చూడండి. గోడ మీద ఒక పెట్టె ఉంటుంది. అది వెలుగుతోందా? వెలిగితే, అక్కడి నుంచి ఎన్ని ఇళ్లకు తీగ వెళ్లింది? బడికి వెళ్లిందా? 2023లో ఈ పథకానికి మళ్లీ 1,39,579 కోట్ల రూపాయలు మంజూరు చేశారు. మన రాష్ట్రంలో టీ-ఫైబర్ తీగను మిషన్ భగీరథ నీళ్ల పైపుల పక్కనే వేశారు. నీళ్ల పైపు ఇంటి ముందు దాకా వచ్చినప్పుడు, దాని పక్కనున్న తీగ ఊరి బయటే ఎందుకు ఆగింది?

కాబట్టి మనం వినతిపత్రంలో పెట్టదలచుకున్నవి వివరిస్తాను, చర్చించి సరిచెయ్యండి. అన్నిటికంటే ముఖ్యమైనది, ఏ పథకానికైనా, ఏ కొనుగోలుకైనా యాప్, ఓటీపీ ఒక్కటే దారి కాకూడదు. రైతు నేరుగా వచ్చి చేయించుకునే కిటికీ ఒకటి ప్రతిచోటా తెరిచి ఉండాలి. దానికి కొత్త భవనాలు కట్టనక్కర్లేదు. మన రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు ఉన్నాయి. ఆంధ్రలో పది వేలకు పైగా రైతు సేవా కేంద్రాలు ఉన్నాయి. వాటికి ఫైబరు ఇచ్చి, ఒక కంప్యూటరు, దాన్ని నడిపే మనిషి, కరెంటు పోతే బ్యాటరీ పెడితే రైతుకు రెండు మైళ్ల లోపల పని అయిపోతుంది. పత్తి సీజనులో స్లాట్లలో కొన్ని ఈ కేంద్రాల నుంచి బుక్ చేసుకునేవాళ్లకే కేటాయించాలి. కౌలు రైతుకు తన నంబరు మీదే ఓటీపీ రావాలి, దానికి కౌలు గుర్తింపు కావాలి, అది మన పాత పోరాటమే.

రెండో కోరిక కొంచెం కొత్తది. ప్రభుత్వ పథకాలకు నమోదైన నంబరుకు రీఛార్జి లేకపోయినా ఏడాది పాటు ఇన్‌కమింగు, ప్రభుత్వ మెసేజీలు ఆగకూడదు. ఖర్చు ఆ డిజిటల్ భారత్ నిధి నుంచి భరించాలి. ఇది సాధ్యమా అని కొందరు మిత్రులు అనుమానపడ్డారు. ఆ నిధి ఉన్నదే పల్లెకు ఫోను అందించడానికి అయినప్పుడు, ఫోను తెగిపోకుండా చూడటం అందులోకి రాదా? ఇంటింటికీ ఫైబరు, పల్లె ల్యాండ్‌లైన్‌లాగే ధర మీద నియంత్రణ, తుపాను ప్రాంతాల టవర్లకు తగినంత బ్యాటరీ, ఇవి మిగతావి.

అధికారులు మనకు ఎప్పుడూ చెప్పేది ఒక్కటే, "మీ మండలంలో కవరేజి వంద శాతం ఉంది". వాళ్ల పటంలో టవరు చుట్టూ గీసిన గుండ్రం ఉంటుంది. మన దగ్గర మన లెక్క ఉండాలి. అందుకని ప్రతి గ్రామ కమిటీకి ఒక కాగితం ఇస్తున్నాం. ఇంటి పేరు, ఇంటి లోపల ఏ కంపెనీ సిగ్నలు ఎన్ని గీతలు, పొలం దగ్గర ఎన్ని, కరెంటు పోయాక టవరు ఎంతసేపు ఉంటుంది, ఇంట్లో ఎన్ని ఫోన్లు, ఏడాదికి రీఛార్జి ఎంత, పట్టాదారు ఆధార్‌కు ఉన్న నంబరు ఎవరి చేతిలో ఉంది. ఇవే గళ్లు. ఫోను నంబర్లు మాత్రం రాయకండి, అవసరం లేదు. కౌలు రైతుల ఇళ్లు, తండాలు వదిలెయ్యకండి. సిగ్నలు సాయంత్రం ఏడు తర్వాత చూసి రాయండి. వచ్చే నెల 10వ తేదీలోపు మండల కమిటీకి అందితే, కలెక్టరుకు ఇచ్చే వినతిపత్రానికి జతచేస్తాం.

భోజనాల తర్వాత, మీ ఆధార్‌కు ఏ నంబరు ఉందో, మీ పేరున ఎన్ని సిమ్ములు ఉన్నాయో సంచార్ సాథీలో ఎట్లా చూసుకోవాలో ఒక్కొక్కరికీ చూపిస్తాను. ఈ హాలులో సిగ్నలు ఆ తూర్పు వైపు కిటికీ దగ్గరే ఉంది, అక్కడికి రండి.